అరిగిన డిస్కు మీద వంట

(మన సంఘం యువజన సమావేశంలో చేసిన ప్రసంగం పాఠం)

 వెనక వరుసల్లో కుర్చీలు దొరక్క నిలబడ్డ తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈ మాటలు ముఖ్యంగా మీకోసమే.

నాకు ఇచ్చిన విషయం "మన చేతిపనులు". అద్దాల కుట్టుపని గురించి, గవ్వల గురించి, ఫేటియా గురించి చెప్పడానికి ఇక్కడ నాకన్నా తెలిసిన యాడీలు చాలామంది ఉన్నారు. నేను బతుకంతా వెల్డింగ్ పని చేసి, వెల్డింగ్ నేర్పిన మనిషిని. నాకు తెలిసిన చేతిపని ఇనుము. అందుకని ఇనుము గురించే చెబుతాను. పొలంలో అరిగిపోయిన ఇనుముతో ఆరుబయట వంటకు పొయ్యి, పెనం చేసుకోవడం గురించి. సభ నిర్వాహకులు "ఇదేం సంస్కృతి?" అని అడిగారు. పది నిమిషాలు వినండి, తర్వాత చెప్పండి అన్నాను.

మీ తండాలో ఏ ఇంటి వెనక్కి పోయి చూసినా ఏముంటుంది? ట్రాక్టర్ వచ్చి ముప్పై, నలభై ఏళ్లయింది. కోడె దూడలు పోయాయి, కొట్టాలు ఖాళీ. కొట్టంలో గోడకు ఆనించి డిస్కు హారో పళ్లేలు రెండో మూడో ఉంటాయి. పళ్లు అరిగిన కల్టివేటర్ గొర్రు, ఎల్ ఆకారంలో వంగిన రోటవేటర్ బ్లేళ్లు, వరి మడి దున్నిన కేజ్ వీల్, తాతగారి ఎడ్లబండి చక్రం మీది ఇనుప పట్టా. ఈ పట్టాను ఇప్పటి పిల్లలు గుర్తుపట్టరు కూడా. పాత సామాను ఆటో మైకు పెట్టుకుని వస్తుంది. మనం కిలోల లెక్కన అమ్మేస్తాం. ఆ డబ్బు సాయంత్రానికే ఖర్చయిపోతుంది. అదే ఇనుముతో చేసిన వంట సామాను పట్నంలో, ఆన్‌లైన్‌లో వేల రూపాయలకు అమ్ముతున్నారు. "అవుట్‌డోర్ కుకింగ్" అని దానికో పేరు.

అవుట్‌డోర్ కుకింగ్ అంటే మనకు కొత్తగా చెప్పాలా? మన పెద్దలు లదేణి నడిపిన వాళ్లు. ఎద్దుల వీపు మీద ఉప్పు, ధాన్యం వేసుకుని దక్కన్ అంతా తిరిగారు. మొగలు సైన్యాలకు తిండిగింజలు అందించింది మన ఎద్దుల బారులే. రైలు వచ్చాక ఆ బతుకు పోయింది. ఆ రోజుల్లో ఎక్కడ దిగితే అక్కడే పొయ్యి. మూడు రాళ్లు, కాసిని కట్టెలు, బాటి కాల్చుకోవడానికి ఒక పెనం. తెల్లారి లేచి వెళ్లేటప్పుడు రాళ్లు అక్కడే వదిలేసి పెనం మాత్రం మోసుకుపోయేవాళ్లు. రాయి ఎక్కడైనా దొరుకుతుంది, ఇనుము దొరకదు. ఈ లెక్క మన తాతమ్మలకు బాగా తెలుసు. ఇప్పుడు తలకిందులైంది. ఇనుము ఇంటి వెనక తుప్పు పడుతోంది, మనం కొత్త నాన్‌స్టిక్ పెనం కోసం బజారుకు పోతున్నాం.

ఇక వేరే దేశాల సంగతి. మెక్సికో ఉత్తర భాగంలో, అమెరికా సరిహద్దు పొడుగునా రైతులు, పశువుల కాపర్లు అరిగిపోయిన నాగలి డిస్కును పెనంగా చేసుకుంటారు. దాని మీద వండే వంటకానికే "డిస్కాడా" అని పేరు పడింది. డిస్కు నడుమ ఉన్న రంధ్రాన్ని వెల్డింగుతో మూసి, రెండు పిడులు అతికి, మంట మీద పెడతారు. ముందు కొవ్వున్న మాంసం వేస్తారు. అందులోంచి కారిన కొవ్వులోనే మిగతా మాంసం, ఉల్లిగడ్డ, మిరపకాయలు, టమాటాలు వరసగా వేయించుకుంటూ పోతారు. కొందరు బీరు కూడా పోస్తారు. ఆ సంగతి మీకు నేను చెప్పకపోయినా తెలుసుకుంటారని నాకు తెలుసు, అందుకే నేనే చెప్పేశాను.

అర్జెంటీనాలో ఇదే డిస్కుకు మూడు కాళ్లు పెట్టి, చుట్టూ అంచు కట్టి, కోడికూర వండుతారు. దాన్ని "అల్ డిస్కో" అంటారు, అంటే డిస్కు మీద వండినదని అర్థం. దక్షిణాఫ్రికాలో "స్కాటెల్ బ్రాయ్" అని ఉంది. స్కాటెల్ అంటే వాళ్ల ఆఫ్రికాన్స్ భాషలో పళ్లెం. అక్కడ డిస్కు కింద గ్యాస్ బర్నర్ పెట్టుకుని ఊరి బయట వండుకుంటారు. ఇప్పుడు కంపెనీలే కొత్తగా అచ్చు వేసి అమ్ముతున్నాయి గాని మొదలైంది మాత్రం పొలం డిస్కుతోనే. మూడు దేశాలు, రెండు భాషలు. రైతు ఇంటి వెనక డిస్కు పడి ఉన్నచోటల్లా ఎవరో ఒకరికి ఇదే ఆలోచన వచ్చింది.

దీనికి ఎదురు కథ కూడా ఒకటి ఉంది. మన పొలాల్లో ఆకుపచ్చ ట్రాక్టర్లు తిరుగుతున్నాయి కదా, ఆ పేరుగల జాన్ డీర్ అనే కమ్మరి 1837లో అమెరికాలోని ఇల్లినాయ్‌లో తన మొదటి ఉక్కు నాగలి చేశాడు. దేనితో? విరిగిపోయిన రంపపు మిల్లు బ్లేడుతో. పాత సామానుతో నాగలి చేసిన మనిషి పేరు ఇవాళ ట్రాక్టర్ మీద ఉంది. నాగలి పాతబడితే పొయ్యి మీదికి ఎక్కడం ఆ కథలో రెండో సగం అనుకోండి.

ఇప్పుడు పనిలోకి వద్దాం. డిస్కు హారో పళ్లెం అంటే ఏమిటి? ఒక పెద్ద గోళాన్ని కోసి తీసిన ముక్కలా లోపలికి గుంటగా ఉండే ఉక్కు రేకు. మన దగ్గర ఎక్కువగా 20, 22, 24 అంగుళాలవి దొరుకుతాయి. హారో డిస్కుకు నడుమ నలుపలకల రంధ్రం ఒకటే ఉంటుంది. డిస్కు నాగలి పళ్లేనికైతే నడుమ రంధ్రంతో పాటు చుట్టూ బోల్టు రంధ్రాలు ఉంటాయి. వంటకు హారో డిస్కే మేలు, ఒక్క రంధ్రం మూస్తే చాలు. 22 అంగుళాల డిస్కు 4 మిల్లీమీటర్ల మందం ఉంటే దాదాపు 7.5 కిలోల బరువు తూగుతుంది. 24 అంగుళాలది 6 మిల్లీమీటర్లయితే 13 కిలోలు దాటుతుంది, ఒక్కరు ఎత్తి దించడం కష్టం. అందుకని 22 అంగుళాలది, కొంచెం అరిగి పలచబడింది వెతకండి. పొలానికి పనికిరాకుండా పోయిందే వంటకు బాగా పనికొస్తుంది.

అంచు చుట్టూ కోతలు ఉన్న డిస్కులూ ఉంటాయి, పువ్వులా. అవి వద్దు. పులుసు అంచు దాకా రాకుండానే కారిపోతుంది.

డిస్కును తాడుతో వేలాడదీసి చిన్న సుత్తితో కొట్టండి. గంటలా మోగితే మంచిది. డబడబమని బోలు శబ్దం వస్తే ఎక్కడో పగులు ఉన్నట్టు. రాయికి తగిలి పగిలిన డిస్కును నడుమ రంధ్రం మూలల దగ్గర చూడండి, నలుపలకల రంధ్రం మూలల నుంచే పగులు మొదలవుతుంది. పగులు కంటికి కనబడకపోతే కిరోసిన్ రాసి, తుడిచి, సుద్దపొడి చల్లండి. పగులులో దాగిన కిరోసిన్ సుద్ద మీద తడి గీతలా బయటికొస్తుంది. ఇది మా షాపు ఫ్లోర్ చిట్కా, పరికరాలేవీ అక్కర్లేదు.

ఈ ఉక్కు మామూలు ఇనుము కాదు. మట్టిలో అరగకుండా ఉండటానికి కొన్నిటిలో కార్బన్ ఎక్కువ పెడతారు, కొన్నిటిలో బోరాన్ కలుపుతారు, తర్వాత కాల్చి గట్టిపరుస్తారు. కార్బన్ ఎక్కువున్న ఉక్కు మన నేలకు కొత్తేం కాదు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో కరిగించిన ఉక్కు కోసం ఒకప్పుడు పారశీక వ్యాపారులు వచ్చేవాళ్లు. ఆ ఉక్కుకు ఎంత పేరుందో అంత పొగరు కూడా ఉంది, వేడి దగ్గర మర్యాదగా ఉండకపోతే పగిలిపోతుంది. డిస్కు వెల్డింగులో చాలామంది పిల్లలు దెబ్బతినేది ఇక్కడే. చల్లటి డిస్కు మీద మామూలు రాడ్డుతో టకటకా అతికిస్తారు. చూడటానికి బ్రహ్మాండంగా ఉంటుంది. మర్నాడు పొద్దున చూస్తే అతుకు పక్కన వెంట్రుకలాంటి పగులు. ఎందుకంటే వెల్డింగు వేడి తగిలిన చోటు చుట్టూ ఉన్న చల్లటి ఉక్కు ఆ వేడిని క్షణంలో లాగేసుకుంటుంది. ఆ చోటు గాజులా పెళుసుబారుతుంది. రాడ్డులో తడి ఉంటే ఇంకా చెడ్డది.

మరి ఎలా? ముందు డిస్కును కట్టెల మంట మీద వేడి చేయండి. రంధ్రం పక్కన నీటిచుక్క వేస్తే చుయ్యిమని అక్కడే ఆవిరైపోకుండా ముత్యంలా దొర్లాలి. అంటే దాదాపు 200 డిగ్రీలు దాటిందన్నమాట. 5 మిల్లీమీటర్ల మెత్తటి ఇనుప రేకును రంధ్రానికి సరిపోయేలా కోసి, 7018 రాడ్డును బాగా ఆరబెట్టి, రెండు వైపులా కొంచెం కొంచెంగా అతకండి. అయిపోగానే నీళ్లు చల్లవద్దు, గాలికి వదలవద్దు. పొయ్యిలో బూడిద ఉంటుంది కదా, అందులో కప్పేసి మర్నాటిదాకా మర్చిపోండి. పైవైపు గ్రైండర్‌తో నున్నగా చేయండి, గంటె తగిలి ఆగకూడదు.

వెల్డింగు మిషన్ లేనివాళ్లకు ఇంకో దారి ఉంది. రంధ్రం కన్నా పెద్దవైన రెండు గుండ్రటి ఇనుప బిళ్లలు, పైనొకటి కిందొకటి పెట్టి, నడుమ ఎర్రగా కాల్చిన రివెట్టు దిగ్గొట్టడం. మీ ఊరి కమ్మరి ఇంకా కొలిమి పెడుతుంటే ఆయన దగ్గరికి పోండి, గంట పని కూడా కాదు. రివెట్టు చల్లారుతుంటే ముడుచుకుని బిళ్లల్ని బిగించి పట్టేస్తుంది. కాస్త నీరు కారినా పదిసార్లు వండాక నూనె మడ్డి పట్టి అదే మూసుకుంటుంది. నన్నడిగితే నాకు ఈ పద్ధతే ఎక్కువ ఇష్టం. డిస్కుకు వెల్డింగు వేడి తగలదు, కమ్మరికి కూలి దొరుకుతుంది.

పిడుల కోసం కూడా డిస్కుకు వెల్డింగు చేయాల్సిన పనిలేదు. అంచుకు దగ్గర్లో రెండు వైపులా చిన్న రంధ్రాలు వేసి, గుర్రపు నాడాలు గాని వంచిన చువ్వలు గాని బోల్టులతో బిగించవచ్చు. గట్టి ఉక్కు గనక మామూలు డ్రిల్ బిట్టు తిరిగి తిరిగి అరిగిపోతుంది. కోబాల్ట్ బిట్టు అడగండి, నెమ్మదిగా, నూనె వేస్తూ తిప్పండి.

ఇక కింది స్టాండు. డిస్కు గుండ్రటి అడుగుది గనక దానికన్నా చిన్న రింగు ఏదైనా సరే, దానిలో కూర్చోబెడితే కదలకుండా కూర్చుంటుంది. బండి పట్టాను కోసి చిన్నది చేసి మళ్లీ అతికితే అద్భుతమైన రింగు. ట్రాక్టర్ ముందు చక్రం 16 అంగుళాల రిమ్ము ఇంకా మేలు, రింగూ పొయ్యి గోడా రెండూ అదే. టిఫిన్ బండ్ల వాళ్లు లారీ రిమ్ములతో పొయ్యిలు చేసుకోవడం మీరు చూసే ఉంటారు. రిమ్ముకు ముందువైపు కట్టెలు పెట్టడానికి ఒక కిటికీ కోయండి. లోపల అడుగు నుంచి నాలుగు అంగుళాల ఎత్తున పాత చువ్వలతో జాలీ వేయండి. కట్టె జాలీ మీద ఉండాలి, గాలి కింది నుంచి రావాలి. చాలా పొయ్యిలు పొగ చిమ్మేది కట్టె బూడిదలో కూరుకుని ఊపిరాడకపోవడం వల్లే. మన యాడీలు ఊదుగొట్టంతో రోజంతా చేసే పని ఆ జాలీ చేసేస్తుంది.

ఇంకా తక్కువ కట్టెతో వండాలంటే రాకెట్ స్టవ్ అని ఒకటి ఉంది. లారీ వినియార్‌స్కీ అనే అమెరికా ఇంజినీరు 1980ల మొదట్లో దాని సూత్రాలు చెప్పాడు. కట్టె పక్కనుంచి పోతుంది, మంట నిట్టనిలువు గొట్టంలో పైకి పోతుంది, గొట్టం చుట్టూ వేడి బయటికి పోకుండా బూడిదలాంటిది నింపుతారు. పొగ గొట్టంలోనే మండిపోతుంది. చేతి వేలంత లావున్న కంది కట్టె, పత్తి కట్టె దీనికి చాలు. అడవికి పోయి మోపు మోసుకొచ్చే పని సగమైనా తగ్గితే ఎవరి మెడ నొప్పి తగ్గుతుందో మీ ఇంట్లో మీకు తెలుసు.

స్టాండు ఎత్తు గురించి ఒక మాట. మగపిల్లలు స్టాండు చేసేటప్పుడు తమ నడుముకు కొలత పెట్టి నిలబడి వండే ఎత్తున చేస్తారు. తర్వాత దాన్ని ఇంట్లో యాడీకి ఇచ్చి, "చేసిపెట్టాను" అంటారు. ఆమె ఎప్పుడూ పీట మీద కూర్చుని వండిన మనిషి. లేదా ఆమె ఎత్తు వేరు. చేసేముందు అడగండి. ఎవరు వండుతారో వాళ్ల మోచేతి కింద ఒక జానెడు దిగువన పెనం అంచు రావాలి. ఇంకా మంచిది, వండేది మీరే అయితే మీ కొలతే పెట్టుకోండి. భోగ్ భండార్ నాడు లాప్సి, మాంసం వండేది మగవాళ్లే కదా, మిగతా రోజుల్లో చేతులు ఎందుకు పనిచేయవో నాకు అర్థం కాదు.

కొత్తగా చేసిన డిస్కును వెంటనే వంటకు పెట్టకూడదు. ముందు తుప్పు, రంగు, గ్రీజు అన్నీ పోవాలి. గ్రైండర్‌కు వైర్ బ్రష్ పెట్టి తెల్లగా మెరిసేదాకా గీకండి. రంగును మంటలో కాల్చి వదిలించవద్దు, పాత యంత్రాల రంగుల్లో సీసం ఉండొచ్చు. తడిపి గీకండి, మాస్కు పెట్టుకోండి. మిగిలిన తుప్పుకు చింతపండు పులుసు రాత్రంతా పట్టించి పొద్దున తోమితే పోతుంది. కడిగి, వెంటనే మంట మీద ఆరబెట్టి, పలచగా నూనె రాసి పొగ వచ్చేదాకా కాల్చండి. చల్లారాక మళ్లీ నూనె, మళ్లీ మంట. ఇలా ఐదారుసార్లు. దోసె పెనానికి ఉల్లిగడ్డ సగం కోసి రుద్దుతారు చూడండి, అదే పని, కొంచెం పెద్దది. నూనె కాలి ఇనుముకు నల్లటి పొరలా అతుక్కుంటుంది. తర్వాత సబ్బు, పీచు వేసి గట్టిగా తోమవద్దు. చింతపండు పులుసు అందులో రాత్రంతా ఉంచితే మాత్రం ఆ పొర లేచిపోతుంది, కూర నల్లబడుతుంది. వండగానే వేరే గిన్నెలోకి తీసేయండి. వేడి పెనం మీద చల్లటి నీళ్లు కుమ్మరించవద్దు.

దీని మీద వంట ఎలా ఉంటుందో చెప్తే మీకు ఇప్పుడే ఆకలేస్తుంది. నడుమ మంట గట్టిగా తగులుతుంది, అంచులు మెల్లగా వేడెక్కుతాయి. కాబట్టి ఒకే పెనంలో రెండు పొయ్యిలు ఉన్నట్టే. మేక మాంసంలో కొవ్వు ముక్కలు ముందు నడుమ వేయండి, కొవ్వు కరిగి గుంటలో నిలుస్తుంది. అందులో ముక్కలు ఎర్రగా వేగాక అంచుకు జరపండి. నడుమ ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి, అల్లం వెల్లుల్లి. అవి వేగాక మాంసాన్ని మళ్లీ లోపలికి లాగి కాసిని నీళ్లు పోసి మూత పెట్టండి. అంచు మీద జొన్న బాటి వెచ్చగా ఉంచుకోవచ్చు. మెక్సికో వాళ్లు మొక్కజొన్న రొట్టెలో చుట్టుకు తింటారు, మనం జొన్న రొట్టెలో చుట్టుకుందాం, పెద్ద తేడా ఏమీ లేదు. సళోయి కూడా ఇందులో బాగుంటుందని మా ఇంట్లో వాళ్ల మాట.

అయితే ఇది ఊరంతటికీ వండే పాత్ర అనుకోవద్దు. 22 అంగుళాల డిస్కు, 3 అంగుళాల లోతుంటే అంచు దాకా 9 లీటర్ల పైచిలుకు పడుతుంది. తొణకకుండా వాడదగ్గది అందులో సగం. పది పన్నెండు మందికి కూర. అంతే. భండారుకు పెద్ద డేక్షాలే కావాలి. వాటికి డిస్కు కాదు, బలమైన స్టాండు కావాలి. అక్కడ కేజ్ వీల్ పనికొస్తుంది. ఇరవై కిలోల మాంసం, నీళ్లు ఉన్న డేక్షా బరువు లెక్కేసుకుని కాళ్లు పెట్టండి. మూడు కాళ్లు పెడితే ఎగుడుదిగుడు నేల మీద కూడా ఊగదు, నాలుగు కాళ్లయితే ఒకటి ఎప్పుడూ గాలిలోనే ఉంటుంది. మూడు రాళ్ల పొయ్యికి మూడే రాళ్లు ఎందుకో ఇప్పుడు అర్థమైందా?

ఇప్పుడు నేను అసలు ఎందుకు ఒప్పుకుని వచ్చానో ఆ మాట. ఏ ఇనుమును పొయ్యి దగ్గరికి రానివ్వకూడదో చెప్పడానికి. ఫోన్‌లో వీడియోలు చూసి మన పిల్లలు రకరకాలవి చేస్తున్నారు. వాటిలో కొన్ని చూస్తే నాకు నిద్ర పట్టదు.

మొదటిది పురుగుమందు డబ్బాలు, డ్రమ్ములు, పాత స్ప్రేయర్ ట్యాంకులు. పత్తి పండించే తండాల్లో ఇవి గుట్టలుగా ఉంటాయి. సబ్బుతో కడిగితే పోతుంది, కాలిస్తే పోతుంది అనుకుంటారు. పోదు. అతుకుల్లో, రేకు మడతల్లో ఉండిపోతుంది. కాలిస్తే పొగలో కలిసి మీ ముక్కులోకే వస్తుంది. 2013 జూలైలో బిహార్‌లోని సారణ్ జిల్లాలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ ఉన్నట్టు పరీక్షల్లో తేలింది. మన పత్తి చేలల్లో కొట్టిన మందే అది. అది పిల్లల పళ్లెంలోకి చేరడానికి ఎవరూ పగబట్టి కలపాల్సిన పనిలేదు, వంట దగ్గర అజాగ్రత్త ఒక్కటి చాలు. మందు డబ్బాతో పొయ్యి వద్దు, నీళ్లకు వద్దు, గింజలకు వద్దు. గుచ్చి చిల్లులు పెట్టి పనికిరాకుండా చేయండి. మంచి డిస్కును కిలోల లెక్కన అమ్మేసి మందు డ్రమ్ము ఇంట్లో దాచుకునే ఇళ్లు నేను చూశాను. ఇది తలకిందులు వ్యవహారం.

రెండోది తెల్లగా మెరిసే ఇనుము. బోరు జీఐ పైపులు, జీఐ రేకులు. వాటి మీద జింక్ పూత ఉంటుంది. జింక్ 419 డిగ్రీలకు కరుగుతుంది, 907కు ఆవిరవుతుంది. వెల్డింగు ఆర్కు దగ్గర ఆ వేడి చాలా తక్కువ కింద లెక్క, బాగా రగిలిన బొగ్గుల్లో కూడా ఆ దరిదాపులకు పోవచ్చు. ఆ తెల్లటి పొగ పీలిస్తే సాయంత్రానికి చలిజ్వరం, ఒళ్లునొప్పులు, నోట్లో ఇనుము రుచి. ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది గాని పదే పదే తెచ్చుకోవాల్సిన జబ్బు కాదు. పాలు తాగితే పోతుందని వెల్డర్లు అంటారు. పాలు పొట్టలోకి పోతాయి, పొగ పోయింది ఊపిరితిత్తుల్లోకి. జీఐ పైపును మంటకు దూరంగా బోల్టులతో కాళ్లుగా బిగించుకోండి, జాలీగా మాత్రం వద్దు.

మూడోది మూసి ఉన్నది ఏదైనా. షాక్ అబ్జార్బర్, హైడ్రాలిక్ సిలిండర్, రెండు వైపులా మూసిన రోలర్ గొట్టం. బయటికి ఖాళీగానే కనబడుతుంది. లోపల కాస్త నూనె, కాస్త తడి, కాస్త గాలి. వేడి తగిలితే అవి పెరిగి దారి వెతుక్కుంటాయి. నేను పనిచేసిన ఒక షెడ్డులో మూసి ఉన్న గొట్టానికి రంధ్రం పెట్టకుండానే వెల్డింగు పెట్టారు. మూత ఊడి పైకప్పు రేకును చీల్చుకుని పోయింది. ఆ కుర్రాడు ఒక అడుగు పక్కన నిలబడ్డాడు గనక ఈ కథ నవ్వుతూ చెప్పగలుగుతున్నాం. వాగులో తడి రాళ్లను పొయ్యికి పెడితే పేలతాయని మన పెద్దలు పెట్టనిచ్చేవాళ్లు కాదు. అదే సూత్రం. డీజిల్ డ్రమ్ము కోయాలంటే నిండా నీళ్లు పోసి, గాలి మూత తీసి, చల్లటి ఉలితో కోయాలి. గ్యాస్ సిలిండర్‌ను అసలు ముట్టుకోవద్దు, అది మన సొత్తు కూడా కాదు, కంపెనీది.

నాలుగోది బ్రేకు డ్రమ్ము. బొగ్గుల కుంపటికి ఇంత మంచి పాత్ర ఇంకోటి లేదు, పోత ఇనుము, వేడిని పట్టి ఉంచుతుంది. కానీ పాత బండ్ల బ్రేకు లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండేది. లోపలి దుమ్మును ఊదవద్దు, గాలి కొట్టవద్దు. తడిగుడ్డతో తుడిచి ఆ గుడ్డను కవర్లో కట్టి పారేయండి. ఇంకోటి, వాన పడుతోందని బొగ్గుల కుంపటిని గదిలోకి తెచ్చి తలుపులు వేసుకోవడం. వాసన లేని విషవాయువు నిద్రలోనే చంపేస్తుంది. బయటి పొయ్యి బయటే ఉండాలి. మంట రాజేయడానికి డ్రిప్ పైపు ముక్కలు, ప్లాస్టిక్ కవర్లు వేయడం కూడా ఈ లెక్కలోదే.

డబ్బు సంగతి అడుగుతారని తెలుసు. నలుగురు కలిసి నెలకు పది డిస్కులు చేసి అమ్మగలిగితే బాగానే ఉంటుంది, కాని ముందు మీ తండాలో నాలుగు ఇళ్లలో ఆరు నెలలు వాడి చూడండి. ఎక్కడ పిడి వదులైంది, ఎక్కడ చెయ్యి కాలింది, ఏ స్టాండు పక్కకు ఒరిగింది అని వండినవాళ్లే చెప్తారు. అప్పుడు అమ్మండి. మెరిసే రంగు వేసి, పేరు చెక్కి ముందే బజారుకు పోయిన ఒక షాపువాడి సామాను నేను చూశాను. రంధ్రం మూసిన అతుకు వంట మొదలుపెట్టిన వారానికే ఊడింది. కొన్నది మన తండా మనిషే.

మధ్యాహ్నం భోజనాలయ్యాక వెనక షెడ్డు దగ్గరికి రండి. మూడు డిస్కులు తెచ్చాను. ఒకటి పగిలింది, ఏదో మీరే సుత్తితో కొట్టి కనిపెట్టాలి. ఒకదానికి వెల్డింగుతో, ఒకదానికి రివెట్టుతో రంధ్రం మూద్దాం. చెల్లెళ్లు కూడా రండి, రాడ్డు పట్టుకోవడానికి మీసాలు అక్కర్లేదు. చెప్పులతో, నైలాన్ చొక్కాలతో వచ్చినవాళ్లను మాత్రం దగ్గరికి రానివ్వను, బూట్లు వేసుకుని, కాటన్ బట్టలతో రండి. అద్దాలు, చేతి గ్లవ్స్ ఆరు జతలే ఉన్నాయి, కాబట్టి ఆరుగురు ఆరుగురుగా.